బావ బరువు

మొన్నొక ఆదివారం ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నా కారు ఉన్నట్టుండి కీచు కీచుమని అరవడం మొదలుపెట్టింది. ముందు సీట్లో నా పక్కన కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోలేదని దాని బాధ. నా పక్కన కూర్చున్నది బియ్యం బస్తా. వెనక సీట్లో కూరగాయల సంచుల మధ్య ఇరుక్కున్న నా భార్య, "ఆ బస్తాకు బెల్టు పెట్టున్రి, పీడ పోతది" అంది. పెట్టాను. కారు శాంతించింది. బస్తా కూడా కాస్త బుద్ధిమంతుడిలా కనబడింది. అంతవరకూ నవ్వులాటే గానీ, నాచారం వైపు తిరిగాక పాత సంగతొకటి గుర్తొచ్చింది. లేని మనిషిని ఉన్నాడని నమ్మిన బండి ఒకటి నాకు అంతకు ముందే తెలుసు. దాంట్లో ఇట్లా అరిచే యంత్రమేదీ లేదు. మా మామ చేత్తో అట్లా తయారుచేశాడు.

మన ఈడు వాళ్ళకు ఆ రోజులు విడమరిచి చెప్పనక్కర్లేదు. తెలంగాణ ఇంకా రాలేదు. ఒక వారం బంద్, ఒక వారం రాస్తారోకో, మిగిలిన వారం ఆ రెండింటి గురించిన మాటలు. ఉప్పల్ నెత్తిమీద రైలు తిరుగుతుందని ఎవరైనా అంటే నేనే నవ్వేవాణ్ణి. నాచారం పారిశ్రామికవాడలో పెద్ద ఫ్యాక్టరీలు కొన్ని మూతబడ్డాయి, కొన్ని మూతబడటానికి ముహూర్తం చూసుకుంటున్నాయి, వాటి గోడల పక్క సందుల్లో మాత్రం రేకుల షెడ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. అలాంటి ఒక షెడ్డు మా మామది. మామంటే మా అమ్మకు అన్న. జనగామ దిక్కు నుంచి వచ్చి ఒక ఫ్యాక్టరీలో చేరి, అది మూతబడ్డాక సామాన్ల బండ్లు బాగుచేసే పని పెట్టుకున్నాడు. నేను రెండు సందుల అవతల లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. ఉండేది మామ ఇంట్లో, తినేది అత్త చేతి వంట, పొద్దుగూకే వేళకు తేలేది షెడ్డులో.

ఇంట్లో నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉండేది, జీతం లేనిది. ఎవరు గొంతు పెంచినా, ఎవరి కళ్ళు తడిసినా, అక్కడ ఒక మాట విసిరి గాలి తీసేయడం. ఆ పనిలో నాకు సెలవులుండేవి కావు. మామకు కోపమొచ్చి కంచం తోసేస్తే, కంచం ఎంత దూరం పోయిందో చూసి పోయినసారి కన్నా మెరుగని చెప్పేవాణ్ణి. మామ నవ్వేవాడు కాదు, నవ్వేది బావ. మామ కొడుకు, నాకన్నా పెద్ద. ఎత్తు మామది, వెడల్పు అత్తది, ఆకలి మాత్రం ఎవరిదో తేలలేదు. బావ నవ్వితే షెడ్డు రేకులు కూడా అతనితో కలిసి నవ్వుతున్నట్టుండేది. ఆటోలో మాతో వస్తే ముందుగా అతన్ని మధ్యలో కూర్చోబెట్టి, తర్వాత మేము మిగిలిన జాగా వెతుక్కునేవాళ్ళం.

బావకొక పికప్ బండి ఉండేది. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక సామాను వేసుకునే తొట్టి. డ్రైవరు సరిగ్గా ముందు చక్రాల మీద కూర్చునే రకం. దాంట్లో పోచారంలో కట్టే పెద్ద పెద్ద ఆఫీసులకు టైల్సు, పైపులు మోసేవాడు. ఒకసారి కీసర అవతల ఒక ఊరికి సిమెంటు దింపడానికి వెళ్ళి, సాయంత్రానికి రావలసినవాడు మర్నాడు పొద్దున వచ్చాడు. ఆ ఊళ్ళో జాతర. ఎడ్లతో బండ లాగించే పోటీ మన తెలంగాణలో ఎవరికి తెలియదు? కానీ అక్కడ ఎడ్ల పోటీ అయ్యాక ఊరి కుర్రాళ్ళు ఇంకోటి మొదలుపెట్టారట, నడుమెత్తు రాతి బండను ఇనుప చట్రం మీద పెట్టి, గొలుసేసి, జీపులతో పికప్‌లతో దున్నిన నేలమీద లాగించడం. ఎవరి బండి ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. బావ ఆ ముచ్చట చెబుతూ అన్నం కలపడం మరిచిపోయాడు. అతను అన్నం మరిచిపోవడం మా ఇంట్లో అదే మొదలు, కాబట్టి విషయం పెద్దదని అందరికీ అర్థమైంది.

మామకు కూడా అర్థమైంది. పొట్ట నింపే బండిని ఆటలకు పెడతావా అని ఇంతెత్తున లేచాడు. బావ ఊరుకోలేదు. పక్క షెడ్డులో వెల్డింగ్ చేసే ముస్లిం పెద్దాయన, మేమంతా చిచ్చా అని పిలిచేవాళ్ళం, అతని దగ్గర రహస్యంగా బండి వెనక గొలుసు తగిలించే ఒక లావాటి కొండి అతికించుకున్నాడు. వెనక చక్రాలు రెండూ ఒకే పట్టున తిరిగేలా లోపలి పళ్ళచక్రాలను కూడా కలిపి అతికించేశాడు. అట్లా చేసిన బండి మూల తిరిగేటప్పుడు టైర్లు నేలకు రాసుకుని ఏడుస్తాయి. ఆ ఏడుపు విని మామ పసిగట్టాడు. ఆ పూట వాళ్ళిద్దరూ అనుకున్న మాటలు నేను రాయను. నేను కూడా మధ్యలో జోకు వేయలేదంటే మీరే ఊహించుకోండి.

ఆ వానాకాలం బావకు జ్వరం వచ్చింది. అంత మనిషికి జ్వరమొస్తే మంచమే ముందు భయపడుతుందని అన్నాను. అతను నవ్వాడు. దవాఖానాలో కొన్నాళ్ళున్నాడు. తగ్గుముఖం పట్టిందని అందరం ఊపిరి పీల్చుకున్న పొద్దున పోయాడు. తండ్రీకొడుకులు ఆ గొడవ తర్వాత మళ్ళీ సరిగ్గా మాట్లాడుకోనే లేదు.

మామ షెడ్డుకు తాళం వేశాడు. నెలలు గడిచాయి. అన్నం పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు, అంతకు మించి అతనిలో ఎవరూ ఉన్నట్టు అనిపించేది కాదు. బండ్లవాళ్ళు వచ్చి వచ్చి వేరే సందులకు పోయారు. అత్త మాత్రం ఎప్పటిలాగే వాకిలి ఊడ్చేది, ఇంటిని ఆనుకునే ఉన్న షెడ్డు ముందు, పట్టా కప్పి ఉన్న బావ బండి దాకా వచ్చి, దాని చుట్టూ ఊడ్చి, దాని కింద మాత్రం ఊడ్చేది కాదు.

ఒక బంద్ రోజున, సందంతా నిద్రపోతున్న వేళ, మామ లేచి వెళ్ళి పట్టా లాగేశాడు. నేనూ చిచ్చా పరుగెత్తుకెళ్ళాం. బండి వెనక వంగి ఆ కొండిని చేత్తో తడుముతూ, మమ్మల్ని చూడకుండానే అన్నాడు: "జాతరొస్తుంది. వాడు జేస్తనన్నది జేద్దాం. ఇది లాగిందనుకో, తెల్లారి షెడ్డు తెరుస్త. లాగలేదా, తాళంచెవి చిచ్చాకిచ్చి ఊరికి పోత. ఇగ నాతోని కాదు."

ఊరికి పోవడమంటే ఏమిటో మాకు తెలుసు. ఊళ్ళో మామకు ఇల్లు లేదు, పొలం లేదు. పోయి ఎవరింటి అరుగు మీదో కూర్చుంటాడు, కూర్చున్నవాడు ఇక లేవడు. అత్తకు ఇంకా బాగా తెలుసు. గుమ్మంలో నిలబడి అంతా విని ఒకటే అంది: "జేసుకోన్రి. గాని పోటీ అయిన తెల్లారి ఈ బండి నా వాకిట్ల కనవడొద్దు." తర్వాత లోపలికి వెళ్ళి గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నట్టు చప్పుడును బట్టి తెలిసింది.

బండితో బండ లాగడమంటే ఇంజను బలమొక్కటే అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. అసలు సంగతి బరువులో ఉంది. వెనక గొలుసు బిగిసి బండ లాగుతున్నప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది. ముక్కు లేస్తే స్టీరింగ్ పనిచేయదు, బండి దారి తప్పి పక్కకు పోతుంది. అందుకని ముందు బరువు పెడతారు. మరీ ఎక్కువ పెడితే వెనక చక్రాలకు పట్టు చాలదు, ఉన్నచోటే తిరిగి గుంత తవ్వుకుంటాయి. ముందు చక్రాలు నేలమీద ఉండీ ఉండనట్టుండాలి అనేవాడు మామ, బొటనవేళ్ళ మీద నడిచే మనిషిలా. దానికోసం మూతబడ్డ ఫ్యాక్టరీలోంచి వచ్చిన ఇనుప పలకలు ముందు బంపరుకు కట్టాడు. వెనక టైర్లకు లోతుగా గాట్లు పెట్టించాడు. నేను లేత్ మీద కొండికి కొత్త పిన్ను తీసిచ్చాను. చాలా నెలల తర్వాత మామ గోళ్ళలో గ్రీజు కనబడింది. అత్త కంచం ముందు పెడుతూ ఆ గోళ్ళ వైపు చూసి, చేతులు కడుక్కోమని అనలేదు.

బండి నడిపేది నేనని తేలింది. మామకు నడపడం వచ్చు, కానీ స్టీరింగ్ ముందు కూర్చోలేదు. మొదటిరోజు సీట్లో ఎక్కితే నా కాలు క్లచ్‌కు అందలేదు. బావ కాళ్ళకు తగ్గట్టు వెనక్కి జరిపి ఉంది. ముందుకు లాక్కుని కూర్చున్నాను. మర్నాడు వెళ్ళేసరికి సీటు మళ్ళీ వెనక్కి ఉంది. ముందుకు లాగాను. ఆ మర్నాడూ వెనక్కే. చిచ్చా నన్ను పక్కకు పిలిచి, "అరే బాబు, మజాక్ కాదు. వాడొచ్చి కూసుంటుండు" అని, తావీదు, అంటే వాళ్ళ తాయెత్తు, తెస్తానన్నాడు. మా అత్త తరఫు ముసలమ్మ ఒకామె నిమ్మకాయలు పంపించింది. అన్ని మతాల తరఫునా బండికి రక్షణ ఏర్పాటయింది. నేను మాత్రం ఒక బోల్టు తెచ్చి షెడ్డు ముందు బండి నిలిపే గచ్చు మీద పెట్టాను. అది దొర్లుకుంటూ వెనక గోడదాకా పోయింది. నేల వాలుగా ఉంది, సీటు కొక్కెం అరిగిపోయి పట్టడం లేదు, బండి నిలబెడితే సీటు జారుతుంది, అంతే. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేనూ గెలిచినవాడిలా టీ తాగాను. తర్వాత ఆ కొక్కేన్ని విప్పి చూస్తే, దాని మొన అరిగి, ఒక్క గాడిలో తప్ప ఎక్కడా పట్టకుండా ఉంది. ఆ గాడి బావ కూర్చునే చోటిది, అతని బరువుకు రెండూ ఒకదానికొకటి సరిపడా అరిగిపోయాయి. దయ్యం లేదని నిరూపించినందుకు నాకు దొరికింది అది. ఎవరికీ చూపించకుండా బిగించేశాను.

పక్క అద్దం కూడా అంతే. బావ కళ్ళ ఎత్తుకు పెట్టింది, నాకు దాంట్లో ఆకాశం మాత్రమే కనబడేది. తిప్పబోతే మామ చూసి, "ఉండనియ్" అన్నాడు. వెనక ఎవరొస్తున్నారో తెలియకుండా, మబ్బులు మాత్రం స్పష్టంగా చూసుకుంటూ నేను నాచారం రోడ్ల మీద బండి నడిపాను. విమానాలకు సైడు ఇవ్వడంలో నన్ను మించినవాడు లేడని చిచ్చాతో అన్నాను.

జాతరకు ముందు బండిని ధర్మకాంటాకు తీసుకెళ్ళాం, లారీలు తూచే చోటు. మామకొక పద్ధతుంది. ఖాళీ బండినే తూచాలి, మనిషి బరువు నోటిలెక్కతో కలపాలి. మనుషులు బండిలో కదులుతుంటారు, కాంటా అబద్ధమాడుతుందని అతని వాదన. నన్ను దింపేశాడు. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూచాక, కాంటా అతను డ్రైవర్ ఎంత కలపాలని అడిగాడు. మామ తడుముకోకుండా ఒక అంకె చెప్పాడు. అది నా బరువుకు రెండింతల దగ్గర ఉంటుంది. "మామ, నన్ను రెండుమాట్ల కలిపినవా?" అన్నాను. అతను వినలేదో, విననట్టున్నాడో, అప్పటికే వేళ్ళ మీద లెక్క వేస్తూ బంపరు దగ్గరికి నడిచాడు. ఒక పలక విప్పించేశాడు, ఇప్పుడు సరిపోయిందన్నాడు. పెద్దవాళ్ళు దుమ్ము, డీజిలు, దేవుడు అన్నీ కలుపుకుని చెబుతారు కాబోలనుకుని నేను పట్టించుకోలేదు.

పోటీ రోజు పొద్దున బండి బయల్దేరేసరికి వెనక తొట్టిలో అత్త కూర్చుని ఉంది, చాప పరుచుకుని, సద్ది డబ్బా ఒళ్ళో పెట్టుకుని. వాకిట్లో కనబడొద్దన్న బండి అది. తనే చెప్పింది: దీని పీడ ఎట్లా వదులుతుందో కళ్ళారా చూడాలట. చిచ్చా ఆమెకు ఎదురుగా పానాల పెట్టె మీద కూర్చున్నాడు. కీసర దాటి ఆ ఊరు చేరేదాకా ఆమె ఆ డబ్బా మీంచి చెయ్యి తీయలేదని తర్వాత చిచ్చా చెప్పాడు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఎడ్లకు పసుపుబొట్టు పెట్టాక కాడి మీద బరువు మార్చకూడదు, తీయకూడదు, పెట్టకూడదు. బొట్టు పడిందంటే దేవుడి ముందు మాట ఇచ్చినట్టే. బండ్లకూ అదే వర్తింపజేశారు. ఊరి పెద్దమనిషి వచ్చి మా బంపరుకు, పలకలకు, కొండికి బొట్లు పెట్టాడు. తర్వాత ఒక్కసారి గొలుసు తగిలించి కొద్దిగా గుంజి చూసుకోనిస్తారు. నేను వీపు వెనక గోనెసంచి కుక్కుకుని, క్లచ్ వదిలాను.

బండి లేచింది. నేను పెద్ద మాటలు చెప్పే మనిషిని కాను. గడ్డి తినే గుర్రం ఈగ కుడితే తలెత్తినంత లేచింది, అంతే. కానీ ముందు చక్రాలు గాలిలో ఉండగా స్టీరింగ్ నా చేతిలో ఉత్తి కంచంలా తిరిగింది, బండి అడ్డంగా తిరిగి సున్నపు గీత దాటి జనం మీదికి పోబోయింది. కాలు తీసేశాను. జనం ఈలలు వేశారు. ఎవడో "అన్నా, ఇమానం కాదు, బండి నడుపు" అన్నాడు. మంచి మాటే, వేరే రోజైతే నేనే అనేవాణ్ణి.

మామ మొహం పాలిపోయింది. లెక్క తప్పలేదే, లెక్క తప్పలేదే అని గొణుక్కుంటూ బంపరు ముందు నిలబడి మళ్ళీ మొదటినుంచి వేళ్ళు ముడిచాడు. "ముందల పలకలు... డీజిలు... స్టెప్నీ తీసినం... డ్రైవరు..." నాలుగో వేలు ముడిచి ఆగిపోయాడు. తలెత్తి నన్ను చూశాడు. కిందినుంచి పైదాకా, కొత్తవాణ్ణి చూసినట్టు. చిచ్చా తల దించుకున్నాడు. నాకు అప్పుడు తెలిసింది కాంటా దగ్గర విన్న ఆ అంకె ఎవరిదో. ఏదో ఒకటి అనాలి కాబట్టి, పొద్దున నాష్టా తినలేదు మామ, అందుకే తక్కువైనట్టుంది అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ మాట నా నోట్లోంచి వచ్చి అక్కడే నేలమీద పడి ఉన్నట్టు ఇప్పటికీ అనిపిస్తుంది.

పక్కన చాప మీద కూర్చున్న అత్త లేచి వచ్చింది.

"వాణ్ణి లెక్కల ఏసినవా?" అంది.

"నేనెయ్యలే" అన్నాడు మామ, చాలా మెల్లగా. "వాడు ముందుగాలనే ఉన్నడు ఆ లెక్కల."

బొట్టు పడ్డాక పలక పెట్టడానికి లేదు. విప్పించేసిన పలక నాచారంలో ఉంది. మామ ముడిచిన వేళ్ళు విప్పి, చేతులు తుడుచుకుని, గొలుసు తీసేయమన్నాడు. పోదాం అన్నాడు. జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి చిచ్చా వైపు చాచాడు. చిచ్చా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేను క్యాబిన్‌లో కూర్చుని ఆ చెయ్యి వైపు చూస్తున్నాను. ఆ చెయ్యి అట్లాగే గాలిలో ఉంది, పోటీల కుర్రాళ్ళు మైకులో తర్వాతి బండి పేరు పిలుస్తున్నారు.

అత్త ఆ కుర్రాళ్ళలో ఒకణ్ణి పట్టుకుంది.

"బిడ్డా, బండ్ల ఎంతమంది కూసోవచ్చు?"

"ఇద్దరు పెద్దమ్మా. గానీ ఆడోళ్ళు..."

"ఆడోళ్ళు కూసోవద్దని ఎవరన్నరు?"

కుర్రాడు పెద్దమనిషి వైపు చూశాడు. పెద్దమనిషి ఆకాశం వైపు చూశాడు. ఆ సంగతి ఎవరూ ఎప్పుడూ అనలేదు, అనవలసిన అవసరం రాలేదు.

"జరుగు మరి."

మామ అడ్డం వచ్చాడు. నువ్వెందుకు, నీకేం తెలుసు, పడితే నడుం విరుగుతుంది, అన్నీ అన్నాడు. అత్త కొంగు నడుముకు బిగించి, "బరువే గదా కావాల్సింది. వానికి వచ్చింది నా దిక్కెళ్ళి కాదా? వాని జాగ ఖాళీగుంటేనే గదా బండి లేస్తున్నది, లేవనియ్యను" అంది. నెలల తరబడి ఆ బండి కింద ఊడ్వని మనిషి, దాని మెట్టు మీద కాలు పెట్టింది. ఎక్కించడానికి చిచ్చా పానాల పెట్టె, నా చెయ్యి, మామ భుజం, దేవుడి దయ అన్నీ కావాల్సి వచ్చాయి. ఆమె కూర్చున్నాక బండి ముందుకు కాస్త కుంగింది. బావ ఎక్కినప్పుడు కుంగినట్టే. మామ ఆ కుంగడం చూశాడు. తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకోలేదు, ఇవ్వనూ లేదు, పిడికిట్లో పట్టుకున్నాడు.

జెండా ఊపారు. క్లచ్ మెల్లగా వదిలాను. గొలుసు బిగిసింది, బండ కదలనని మూలిగింది, వెనక చక్రాలు మట్టిని కొరికాయి, ముక్కు తేలికయింది గానీ లేవలేదు. ముందు చక్రాలు బొటనవేళ్ళ మీద నడుస్తున్నాయి, మామ చెప్పినట్టే. అత్త రెండు చేతులా ముందు పట్టీ పట్టుకుని కళ్ళు మూసుకుంది. "మెల్లగ బిడ్డా," అంటోంది. "మెల్లగ. తొందర లేదు. మెల్లగ." ఆమె మమ్మల్నందరినీ బిడ్డా అనే పిలిచేది. నన్నా, బండినా, ఇంకెవరినా అని అడిగే తీరిక నాకు లేదు, అడిగే తీరిక వచ్చాక ధైర్యం రాలేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ క్యాబిన్ ఇద్దరికే చేసింది, మేమిద్దరమే ఉన్నాం, నాకు మాత్రం మోచెయ్యి కదిపే చోటు కూడా లేదనిపించింది. దానికి కారణం అత్తే కావచ్చు. నేను అట్లాగే అనుకుంటాను.

దూరం గుర్తుకు పాతిన ఎర్ర జెండా దాటాం. తెల్ల జెండా కనబడుతుండగా క్లచ్ మాడిన వాసన వచ్చింది, ఇంజను గొంతు పట్టుకుపోయి ఆగిపోయింది. కొలిచారు. మాకన్నా ఎక్కువ లాగినవాళ్ళున్నారు, తక్కువ లాగినవాళ్ళున్నారు. జనం చప్పట్లు కొట్టింది మాత్రం మాకే, అదీ అత్తను చూసి. లాగితే షెడ్డు తెరుస్తానన్నాడు మామ. ఎంత లాగితే లాగినట్టో ఆ రోజు చెప్పలేదు. అతను బండి పక్కన నిలబడి, పిడికిలి విప్పకుండా, మేం లాగిన బండ గీసిన గాడి వైపు చూస్తున్నాడు.

మా తర్వాత భువనగిరి దిక్కు నుంచి వచ్చిన పికప్ వంతు. మొదటి గుంజుకే దాని క్లచ్ తీగ తెగింది. నడిపేవాడు దిగి దాని కింద తల పెట్టి, మళ్ళీ తీసి, చుట్టూ చూశాడు. ట్రాక్టర్లలో వాళ్ళ ఊరంతా వచ్చి ఉంది. వాడి కళ్ళలో నీళ్ళు తిరగడం ఇంత దూరానికి కనబడింది. మైకులో ఇక చాలు పక్కకు నెట్టండని కేకేశారు. నేను ఒక మాట వేయబోయి చూసేసరికి మా మామ నా పక్కన లేడు. ఆ బండి కింద ఉన్నాడు. వెల్లకిలా పడుకుని లోపలికి జరుగుతున్నాడు, కాళ్ళు మాత్రం బయట కనబడుతున్నాయి. కాసేపటికి కిందినుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది, వేళ్ళు చాచి.

"అల్లుడా, పద్నాలుగు పానా ఇయ్యి."

నెలలయింది ఆ మాట విని. చిచ్చా పెట్టె తెరిచాడు. నేను పానా తీసుకుని పరుగెత్తాను. వెనక మా బండి క్యాబిన్‌లోంచి అత్త అరుస్తోంది, ఎక్కించిన్రు, దించేటోడు లేడా అని. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో దూరానికి తెలియలేదు. దగ్గరికి వెళ్ళి చూసినా తెలిసేది కాదు.

మర్నాడు షెడ్డు తెరుచుకుంది. బావ బండి వాకిట్లోనే ఉంది. అత్త దాని సంగతి ఎత్తలేదు. ఒక వారం పోయాక, దాన్ని నడపడానికి పెట్టుకున్న కుర్రాడు పక్క అద్దంలో ఏమీ కనబడట్లేదని గునుస్తుంటే, వంటింట్లోంచే "తిప్పుకోనియ్యయ్యా పోరన్ని, గోడకు గుద్దుతడు" అని కేకేసింది. మామ తిప్పనిచ్చాడు. అప్పటినుంచి అతనికొక అలవాటు పట్టుకుంది. ఎవరు ఏ బండి తెచ్చినా, ఏం పోయిందని అడగడానికి ముందు, ఎవరు నడుపుతారని అడిగేవాడు. నడిపేవాణ్ణి పిలిపించి, సీట్లో కూర్చోబెట్టి, వాడి కాళ్ళు చూసి, చేతులు చూసి, అప్పుడు పని మొదలుపెట్టేవాడు. డ్రైవరు మారితే బండిని మళ్ళీ తెచ్చి చూపించమనేవాడు. కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు, కొందరు పెళ్ళిచూపులా అన్నారు. ఆ చివరి మాట నాదే.

తెలంగాణ వచ్చింది. ఉప్పల్ నెత్తిమీద రైలు కూడా వచ్చింది. నాగోల్ దాకా ఎక్కి చూసి, నవ్వినందుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. కీసర అవతల పోటీలకు ఇప్పుడు కొండలంత ట్రాక్టర్లు వస్తాయట, చెవులు పగిలే పాటలు పెడతారట. మామ పోయి కొన్నేళ్ళయింది. ఆ సందులో రేకుల షెడ్లు ఒక్కటీ లేవు, అద్దాల గోడలు వచ్చాయి. మొన్న తమ్ముడి కొడుకు కొత్తగా కొన్న సామాన్ల ట్రాలీని అక్కడొక సర్వీస్ సెంటర్లో ఇవ్వడానికి వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న అబ్బాయి చేతిలో పలకలాంటి ఫోను పట్టుకుని, బండి ఎవరి పేరు మీద ఉందన్నాడు, ఫోను నంబరన్నాడు, దానికొచ్చిన అంకెలు చెప్పమన్నాడు. అన్నీ చెప్పాను. చెప్పి, అక్కడే నిలబడ్డాను. ఇంకొక ప్రశ్న, మామ అన్నిటికన్నా ముందు అడిగేది, వస్తుందేమోనని. ఆ అబ్బాయి మర్యాద తెలిసినవాడు. ఇంకేమైనా కావాలా సార్, టీ తాగుతారా అన్నాడు. తాగుతానన్నాను. టీ బాగుంది. అదొక్కటి మామ షెడ్డులో కన్నా బాగుంది.